జీడిపిక్క పప్పు ఎలా అవుతుంది? పర్లాకిమిడి పిల్లలకు వివరణ వ్యాసం నేర్పే పద్ధతి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి పిల్లల నోట మాటకి కరువుండదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళితే మళ్లీ తెలుగు. రెండు భాషల్లోనూ గలగలా మాట్లాడతారు. అదే పిల్లల చేతికి కాగితమిచ్చి జీడిపప్పు గురించి ఒక వ్యాసం రాయమంటే గైడు భాష దిగిపోతుంది. "నేటి ఆధునిక యుగంలో జీడిపప్పు ఎంతో ప్రాముఖ్యతను సంతరించుకున్నది. ఇది మిక్కిలి రుచికరమైనది, బలవర్ధకమైనది." పేజీ నిండుతుంది, చదివినవాళ్లకి ఒక్క సంగతీ తెలియదు. రాసిన పిల్ల వాళ్లమ్మ రోజూ పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, కోసే పనికి వెళ్తూ ఉంటుంది. ఆ పిల్లకి తెలిసినదేదీ కాగితం మీదికి రాదు. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలకి ఈ వ్యాసం నేర్పుతూ నేను స్థిరపరచుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. సరిహద్దు జిల్లాల్లో తెలుగు చెప్పేవాళ్లకి ఎక్కువగా పనికొస్తుంది, మిగతా చోట్లయినా చాలావరకు ఇంతే.

ముందు ఒక తేడా పిల్లలకి పట్టుబడాలి. సంత ఎంత సందడిగా ఉందో కళ్లకి కట్టిస్తే అది వర్ణన. సంతలో ప్లాస్టిక్ సంచులు మానేయాలని ఒప్పిస్తే అది వాదన. సంతలో వంకాయల ధర పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఎందుకుంటుందో తెలియనివాడికి తెలిసేలా చెబితే అది వివరణ. ఇందులో పొగడ్తకి, తెగడ్తకి చోటు లేదు. "నా ఉద్దేశంలో" అని రాసే పనీ లేదు. ఈ తేడాని నిర్వచనంగా చెప్పి వల్లె వేయిస్తే లాభం లేదు. ఒకే సంత మీద మూడు చిన్న పేరాలు బోర్డు మీద రాసి, ఏది ఏ పని చేస్తోందో పిల్లల చేత చెప్పిస్తే ఒక పీరియడ్‌లో తేలిపోతుంది.

తర్వాత ప్రశ్న. నేను పిల్లలకి శీర్షిక ఇవ్వను, ప్రశ్న రాయమంటాను. "రైలు" అన్నది శీర్షిక. "నౌపడా గుణుపూర్ లైనుని బ్రాడ్‌గేజ్‌గా ఎందుకు మార్చారు?" అన్నది ప్రశ్న. శీర్షిక ఇస్తే పిల్లలు ఆవిరి యంత్రం పుట్టుక దగ్గర మొదలుపెట్టి రైల్వే మంత్రి దాకా వెళ్తారు. ప్రశ్న ఇస్తే ఏది రాయాలో, అంతకంటే ముఖ్యంగా ఏది వదిలేయాలో దానంతటదే తేలుతుంది. మూడు వందల మాటల వ్యాసానికి ప్రశ్న సరిపోయిందా లేదా అని చూడటానికి ఒక పరీక్ష ఉంది. జవాబు ఒక్క వాక్యంలో చెప్పమనాలి. అసలు చెప్పలేకపోతే ప్రశ్న మరీ పెద్దది. "అవును", "కాదు" అని తేలిపోతే మరీ చిన్నది. "మెయిన్ లైను బ్రాడ్‌గేజ్ కాబట్టి నౌపడాలో మనుషులూ సరుకులూ బండి మారాల్సి వచ్చేది, ఆ ఇబ్బంది పోవడానికి" అని చెప్పగలిగితే సరిగ్గా ఉంది. ఆ ఒక్క వాక్యమే వ్యాసానికి కీలక వాక్యం. దాన్ని కాగితం పైన పెన్సిలుతో రాసుకోమంటాను. చిత్తుప్రతి పూర్తయ్యేదాకా అది అక్కడే ఉండాలి.

ఇక అసలైన మెట్టు నోటితో చెప్పించడం. దీనికి నేను రెండు పీరియడ్లు కేటాయిస్తాను, తగ్గించను. పిల్లల్ని ముగ్గురేసి కూర్చోబెడతాను. ఒకరు చెప్పాలి. ఇంకొకరు వినాలి. వినేవాళ్లు మధ్యలో రెండే ప్రశ్నలు వెయ్యొచ్చు: "ఎలా?" "ఎందుకని?" మూడోవాళ్లు చెప్పినవన్నీ ముక్కలు ముక్కలుగా రాసుకోవాలి. వినేవాళ్లు తమని ఎప్పుడూ జీడితోట చూడని హైదరాబాదు పిన్ని కొడుకు అనుకోవాలి. ఇలా కూర్చోబెట్టగానే "ఏటి రాయాలి మాస్టారూ?" అన్న మాట ఆగిపోతుంది, ఎందుకంటే చెప్పడం వాళ్లకి వచ్చు. ఆగకుండా పది నిమిషాలు చెబుతారు. గైడు భాష ఒక్క మాట కూడా దొర్లదు.

తరగతిలో తరచుగా వచ్చే మాట ఒకటి తీసుకుందాం. "పిక్కల్ని ముందు ఆవిరికి పెడతారు. నేకపోతే జీడి సేతికంటుకుని సర్మం ఊడిపోద్ది." జీడి అంటే పెంకులో ఉండే, చర్మాన్ని పొక్కించే రసం. వినడానికి బాగుంది. ఏం చేస్తారో ఉంది, ఎందుకో కూడా ఉంది. ఇక్కడ పంతులు ఒక్క ప్రశ్న వెయ్యాలి: "మరి ఆవిరి పట్టిన పిక్కలు కోసేటప్పుడు మీ అమ్మ చేతులకి నూనె ఎందుకు రాసుకుంటుంది?" తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆవిరి పట్టడానికి చెప్పిన కారణం తప్పని అందరికీ అర్థమైపోయింది. ఆ రోజు ఇంటికి వెళ్లి కనుక్కోమంటే, మర్నాటికి సరైన కారణం వస్తుంది. ఆవిరికి పెంకు మెత్తబడుతుంది, లోపలి పప్పు పెంకు నుంచి విడుతుంది. కోసినప్పుడు పప్పు విరగకుండా రావడానికే ఆ పని. జీడి మాత్రం పెంకు పొరల మధ్య అలాగే ఉంటుంది. పెంకుతో సహా కాల్చే పద్ధతిలో అయితే అది చాలావరకు కాలిపోతుంది, ఆవిరి పద్ధతిలో పోదు. వివరణ వ్యాసంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఏం జరిగిందో పిల్లలకి సరిగ్గానే తెలుసు, ఎందుకు జరిగిందన్న చోట తోచిన కారణం తగిలిస్తారు. అక్షర దోషాలకంటే ముందు ఈ కారణాలు సరిచూడాలి.

వివరాలు సేకరించడానికి నోటు పుస్తకంలో పేజీని రెండుగా మడవమంటాను. ఎడమవైపు సంగతి, కుడివైపు అది ఎవరు చెప్పారో, ఎక్కడ చూశారో. కుడివైపు ఖాళీగా ఉన్న సంగతి వ్యాసంలోకి వెళ్లకూడదు. ఈ ఒక్క నియమంతో "దేశంలో నూటికి తొంభైమంది" లాంటి ఊహాలెక్కలు మాయమైపోతాయి. అంకెలు రాసినప్పుడు అవి దేనికి అంకెలో కూడా రాయాలి. జీడిపప్పు డబ్బా మీద 320 అని ఉంటుంది. "320 రకం మంచిది" అని రాస్తే చదివేవాడికేం తెలుస్తుంది? ఒక పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, 300 నుంచి 320 దాకా విరగని పప్పులు తూగే రకం అది. 240 రకంలో పౌనుకి 220 నుంచి 240 పప్పులే తూగుతాయి. అంటే అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఇంత చెబితే అంకె పని చేస్తుంది. చెప్పలేకపోతే అంకె తీసేయడమే మేలు.

రైలు వ్యాసానికి పెద్దవాళ్ల జ్ఞాపకాలు బాగా దొరుకుతాయి, సంవత్సరాలు మాత్రం కలగాపులగంగా వస్తాయి. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న లైను (నేరో గేజ్) పడింది 1900లో, గుణుపూర్ దాకా పొడిగించింది 1931లో, చిన్న బండ్లు ఆపేసింది 2004లో, గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ పూర్తయింది 2011లో. ఒకరు 2004 అని, ఇంకొకరు 2011 అని చెబితే పిల్లలు ఇద్దరిలో ఒకరు తప్పనుకుంటారు. నిజానికి ఒకరు ఆగిపోయిన సంవత్సరం చెబుతున్నారు, మరొకరు మళ్లీ మొదలైన సంవత్సరం. రెండు మాటలు కలవనప్పుడు "దేని గురించి?" అని అడగడం పిల్లలకి ఇక్కడ అలవాటు చేయాలి.

సంగతులన్నీ చేరాక వాటిని వరసలో పెట్టాలి. ఒక్కో సంగతిని ఒక్కో కాగితపు ముక్క మీద రాయించి, బెంచీ మీద పరిచి, జరపమంటాను. పది పన్నెండు ముక్కలు చాలు, అంతకు మించితే వ్యాసం పొడుగైపోతుంది. చేసే పని గురించిన వ్యాసానికి కాలక్రమమే వరస, అందులో చిక్కు లేదు. పోలిక వ్యాసంలో చిక్కు వస్తుంది. చిన్న గేజీకి పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజీకి 1,676 మిల్లీమీటర్లు అని మొదలుపెట్టి, చిన్న రైలు గురించి దాని అందం, దాని కూత రాసి, పెద్ద రైలు గురించి వేగం, సరుకు రాస్తారు. అది పోలిక కాదు, రెండు వేర్వేరు రైళ్ల ముచ్చట్లు. ముందుగా మూడు అంశాలు ఎంచుకుని, రెండు రైళ్లకీ అవే మూడు రాయాలి: ఎంత బరువు లాగుతుంది, ఎంత వేగం, ఎక్కడ బండి మారాలి. ఒకదానికి చెప్పిన అంశం రెండోదానికి దొరకకపోతే ఆ కాగితం ముక్క తీసి పక్కన పెట్టాలి. చిన్న రైలు కూత పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు పిల్లలు బాధపడతారు. దాన్ని వర్ణన వ్యాసానికి దాచుకోమని చెబుతాను, అది అక్కడ నిజంగా బాగుంటుంది.

కారణాల వ్యాసం అన్నిటికంటే కష్టం. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లాకి సముద్రతీరమే లేదు. మరి ఇక్కడ అంత నష్టం ఎందుకు జరిగింది? పిల్లలు రాసే మొదటి జవాబు "తుపాను వచ్చింది, కొండచరియలు విరిగిపడ్డాయి." ఒకటి జరిగింది, దాని తర్వాత ఇంకొకటి జరిగింది. మధ్యలో ఏం జరిగిందన్నది లేదు. బోర్డు మీద రెండు చివరలూ రాసి మధ్యలో బాణం గుర్తులు పెట్టిస్తాను. తుపాను మేఘాలు కొండల మీదకి వచ్చాయి, అక్కడ ఎడతెగని వాన, ఆ నీరు మట్టిలోకి ఇంకింది, నానిన మట్టి బరువెక్కింది, పట్టు సడలింది, వాలు మీద జారింది. ఒక్కో బాణం దగ్గర "దానివల్ల" అని పెట్టి చదవాలి. అతుకుతే ఉంచాలి, అతకకపోతే మధ్యలో ఒక మెట్టు తప్పిపోయినట్టు. ఎనిమిదో తరగతికి నేను ఈ రకం ఇవ్వను. పదోవాళ్లకి ఇస్తాను, అదీ మిగతా రెండు రకాలూ రాశాకే.

ఇప్పుడు పేరా. ఒక్కో పేరాకి ఒక్క పనే ఉండాలని, ఆ పని మొదటి వాక్యంలో తెలిసిపోవాలని చెబుతాను. ఐదారు వాక్యాలు చాలు. జీడిపప్పు వ్యాసంలో కోత గురించిన పేరా పిల్లలు మొదట రాసేది ఇలా ఉంటుంది:

"పిక్కలను ఆవిరికి పెట్టి కోస్తారు. ఇది చాలా కష్టమైన పని. కూలీలు ఎంతో శ్రమిస్తారు. దానిని బట్టి పప్పు వస్తుంది. దాని వలన చేతులు పాడవుతాయి."

ఇందులో "దానిని", "దాని వలన" అన్నవి దేన్ని చెబుతున్నాయో ఎవరికీ తెలియదు. "కష్టమైన", "ఎంతో" అన్న మాటల వెనక ఏ సంగతీ లేదు. "దాని" అన్న ప్రతి చోటా అసలు పేరు రాయమని, "చాలా", "ఎంతో", "మిక్కిలి" అన్న మాటలు కొట్టేసి వాటి బదులు ఎలాగో చెప్పమని అడిగితే అదే పేరా ఇలా మారుతుంది:

"పిక్కలకు ముందు ఆవిరి పడతారు. ఆవిరికి పెంకు మెత్తబడి, లోపలి పప్పు పెంకు నుంచి కొంచెం విడుతుంది. వేడి మీద కోస్తే పప్పు నలిగిపోతుంది కాబట్టి బాగా చల్లారనిస్తారు. తర్వాత కోత మిషను మీద ఒక్కొక్క పిక్కనీ రెండుగా చీల్చి పప్పు బయటికి తీస్తారు. పెంకు పొరల మధ్య ఉండే జీడి ఆవిరికి పోదు, అది తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకే కోసేవాళ్లు ముందుగా చేతులకు నూనె రాసుకుంటారు."

శ్రమ అన్న మాట రెండో పేరాలో లేదు. ఆ పని ఎంత శ్రమో మాత్రం చదివినవాళ్లకి తెలుస్తుంది. ఈ రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి పిల్లల చేత పైకి చదివించడం కంటే మంచి పాఠం నాకు తెలిసి లేదు. తర్వాతి పేరా బోర్మాది. తీసిన పప్పుని బోర్మా అనే వేడిగాలి పెట్టెలో దాదాపు 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెడతారు, తేమ పోయి పై పొట్టు ముడుచుకుంటుంది, అప్పుడు వేళ్లతో నలిపితే ఊడి వస్తుంది. రెండు పేరాలని కలిపే వాక్యం కోసం "ఇంకా", "అలాగే", "మరియు" వాడతారు. వాటితో సంబంధం ఏమీ తెలియదు. "పెంకు పోయినా పప్పు మీద ఎర్రటి పొట్టు మిగిలి ఉంటుంది" అని మొదలుపెడితే ఏ కలుపు మాటా అక్కర్లేదు, ముందు పేరా ఎక్కడ ఆగిందో తర్వాతి పేరా అక్కడే అందుకుంటుంది.

భాష విషయంలో మన వైపు ప్రత్యేకంగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. ఒడియా రాతలో ఎ, ఏ లకి ఒకటే అక్షరం, ఒ, ఓ లకి ఒకటే అక్షరం. అందుకని బడిలో ఒడియా రాసే పిల్లలు తెలుగులో ఈ పొట్టి, పొడుగు తేడా మర్చిపోతారు. "రెండు నెలలు" అని రాయాల్సిన చోట "రెండు నేలలు" అని పడుతుంది. కథలో అయితే చదివేవాళ్లు సర్దుకుంటారు, ఒక పనికి ఎంత కాలం పడుతుందో చెప్పే వాక్యంలో అర్థమే చెడుతుంది. నెల నేల, మెడ మేడ, కొన కోన లాంటి జంటలు రోజూ ఐదు నిమిషాలు రాయిస్తే చాలు. వాక్యం చివర చుక్కకి బదులు నిలువు గీత పెట్టడం కూడా ఒడియా అలవాటే. దాని మీద నేను పెద్దగా పట్టు పట్టను, రెండోసారి రాసేటప్పుడు తీయిస్తాను.

ఇంటి మాటని రాతలోకి ఎంత రానివ్వాలన్నది పెద్ద ప్రశ్న. నా పద్ధతి ఇది: "నేదు", "సేతులు" లాంటి ఉచ్చారణ రాతలో "లేదు", "చేతులు" అవుతుంది. పనికి సంబంధించిన మాటలు మాత్రం పనివాళ్లు అన్నట్టే ఉండాలి. పిక్క పిక్కే, బోర్మా బోర్మాయే. వాటిని "ముడి జీడి గింజలు", "ఉష్ణ వాయు పేటిక" అని మారిస్తే రాసిన పిల్లకే అర్థం కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. వాడుక భాషలో పాఠాలు ఉండాలని, పిల్లలు వాడుక భాషలో రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు జరిగే వ్యాస పోటీల్లోనే "సంతరించుకున్నది" లాంటి మాటలకి మార్కులు పడటం నాకు బాధగా ఉంటుంది.

ప్రారంభ పేరాని చివర్న రాయించాలి. మొదట రాయమంటే సగం పీరియడ్ దాని మీదే పోతుంది, రాసింది కూడా సూక్తి అవుతుంది. మధ్య పేరాలు పూర్తయ్యాక ప్రారంభానికి రెండు మూడు వాక్యాలు చాలు: ప్రశ్న ఏమిటి, అది ఎవరికి ఎందుకు కావాలి, జవాబు క్లుప్తంగా ఏమిటి. పైన పెన్సిలుతో రాసుకున్న కీలక వాక్యం ఇక్కడికి దిగుతుంది. ఈలోగా వ్యాసం ఇంకో దారి పట్టి ఉంటే, కీలక వాక్యాన్ని మార్చాలా, దారి తప్పిన పేరాని తీసేయాలా అన్నది పిల్లలే తేల్చుకోవాలి. ముగింపులో "కావున ప్రతి ఒక్కరూ" అని మొదలయ్యే వాక్యం రాయనివ్వను. పప్పు పొట్టు ఊడి, రకాలుగా విడదీసి, డబ్బాలోకి వెళ్లాక వ్యాసం అయిపోయినట్టే.

దిద్దేటప్పుడు కాగితం నిండా ఎర్ర సిరా పోయడం వల్ల ప్రయోజనం లేదు. పిల్లలు మార్కు చూసి కాగితం మడిచేస్తారు. మొదటి ప్రతిలో రెండే చూస్తాను: ప్రశ్నకి జవాబు వచ్చిందా, కారణాలు నిజమేనా. అక్షర దోషాలు, వాక్యాలు రెండో ప్రతిలో. మధ్యలో ఒకరి వ్యాసం ఇంకొకరు పైకి చదవాలి, రాసినవాళ్లు మాట్లాడకుండా వినాలి. చదివేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం చెడినట్టే, రాసినవాళ్లు ఆ చోట గీత పెట్టుకుంటారు. ఇరవై మార్కుల్లో జవాబుకి ఆరు, వివరాలకి, కారణాలకి ఆరు, వరసకి నాలుగు, భాషకి నాలుగు ఇస్తాను. భాషకి నాలుగేనా అని కొందరు తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. వాక్యం తప్పుగా ఉన్నా సంగతి ఉన్న వ్యాసాన్ని దిద్దొచ్చు. సంగతి లేని వ్యాసంలో దిద్దడానికేమీ ఉండదు.

పరీక్షలో నలభై ఐదు నిమిషాలుంటే ప్రశ్నని చిన్నది చేసి కీలక వాక్యం రాసుకోడానికి ఐదు, సంగతులు రాసుకుని వరస నంబర్లు వెయ్యడానికి ఎనిమిది, రాయడానికి ఇరవై ఐదు, ప్రారంభ పేరా రాసి, చదివి దిద్దుకోడానికి ఏడు. మొదటి పదమూడు నిమిషాలూ పక్కవాడు రాసేస్తున్నాడని చూసి కంగారుపడకుండా ఉండటమే పిల్లలకి కష్టం. అందుకని తరగతిలోనే గడియారం పెట్టి, మొదటి పదమూడు నిమిషాలు ఎవరినీ వ్యాసం మొదలుపెట్టనివ్వకుండా సాధన చేయించాలి. పరీక్షలో వ్యాసాన్ని మళ్లీ ఎత్తిరాయడం కుదరదు కాబట్టి, ప్రారంభ పేరా కోసం పైన ఐదు వరసలు ఖాళీ వదిలి మధ్య పేరాలతో మొదలుపెట్టమంటాను. చివరి ఏడు నిమిషాల్లో ముందు ఆ ఖాళీ నింపి, తర్వాత ఒకసారి పొట్టి, పొడుగు అక్షరాలు చూసుకుని కాగితం ఇచ్చేయాలి.